ఆరోగ్య బీమా, చేతి డబ్బు: గోదావరి గట్టున ఒక పాత లెక్క

ఆరోగ్య బీమా ఉన్నవారికి వైద్యపు ఖర్చు ఉండదని సామాన్యముగా అనుకుంటారు. ఆ నమ్మకముతో ఆసుపత్రికి వెళ్ళినవారిలో పలువురు ఇంటికి తిరిగి వచ్చేనాటికి ఎంతో కొంత అప్పుతో వస్తున్నారు. బీమావారు మోసము చేసినారని కొందరు, ఆసుపత్రివారు మోసము చేసినారని కొందరు అంటారు. మోసములు లేవని మేము చెప్పబోము. కాని అప్పుకు కారణము చాలాసార్లు మోసము కాదు. బీమా దేనిని నష్టముగా లెక్కించినదో, రోగి దేనిని నష్టముగా లెక్కిస్తాడో, ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే కారణము. జబ్బుకైన మొత్తములో ఇతరులు చెల్లించినది పోగా రోగి తానుగా పెట్టుకొనే భాగమును మన ఇళ్ళలో చేతి డబ్బు అంటారు. ఈ చేతి డబ్బుకు ఒక చరిత్ర ఉన్నది. దానిని చదువుకొనుటకు ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దు అనువైన చోటు. కొత్తగూడెం గనులకూ భద్రాచలం మన్యమునకూ నడుమ దూరము 40 కిలోమీటర్లే. అయినను రోగి ఖర్చును గూర్చిన రెండు వేర్వేరు పద్ధతులు అక్కడ తరతరాలుగా ప్రక్కప్రక్కనే నడచినవి.

ముందుగా ప్రదేశమును గుర్తు చేసుకొందాము. గోదావరికి ఈవల ఖమ్మం ప్రాంతము నిజాము రాజ్యములో ఉండేది. ఆవల ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాము 1860లో బ్రిటిషువారికి అప్పగించినాడు. మొదట మధ్య పరగణాలలో ఉన్న ఆ తాలూకాలు 1874లో మద్రాసు రాజధానికి చెందిన గోదావరి జిల్లాలో చేరినవి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసినది. 1965లో నదిమీద వంతెన వచ్చినది. 2014లో రాష్ట్ర విభజన వెంటనే చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములతోపాటు, భద్రాచలం మండలములో పట్టణము తప్ప తక్కిన గ్రామములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో ఈవల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. ఉన్నచోటు నుండి కదలని ఊళ్ళకు ఇన్ని ప్రభుత్వములు మారినవి. వైద్యము విషయములో ఇది ఉబుసుపోక చెప్పుకొనే ముచ్చట కాదు. నేటి బీమా కార్డును ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వము కనుక, ఊరు ఏ రాష్ట్రములో ఉన్నదనే ప్రశ్న రోగి సంచిదాకా వస్తుంది.

బీమా అనే మాట వినబడక పూర్వము కూడ జబ్బుకు ఖర్చు ఉండేది. మన్యపు జ్వరము పేరు వింటేనే పల్లపు ప్రాంతపు ఉద్యోగులు ఈ తాలూకాకు బదిలీ వద్దని ప్రాధేయపడేవారు. కోయ గూడెములలో మూలికలు తెలిసినవాడు, మంత్రము తెలిసినవాడు వైద్యులు. వారికి ముట్టేది కోడి, కొలతకు కొన్ని గింజలు. ఆ ప్రతిఫలము చిన్నదే. పెద్ద నష్టము వేరొకటి ఉండేది. జ్వరము పోడు నరికేవేళ వచ్చినా, విత్తేవేళ వచ్చినా ఆ ఏటి తిండికే మోసము. తిండికి షావుకారు గింజలు ఇస్తాడు. ఆ గింజలు వడ్డీతో పెరిగి భూమిమీదికి వస్తాయి. షెడ్యూల్డు ప్రాంతములలో వడ్డీ వ్యాపారమును అదుపు చేయుటకు 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేకముగా ఒక రెగ్యులేషను చేయవలసి వచ్చినదంటే, అప్పుల బాధ ఎంతవరకు పోయినదో ఊహించుకోవచ్చును. ఆ అప్పులన్నియు జబ్బువల్లనే అయినవని కాదు. పని ఆగిపోయిన ఇంటికి అప్పు తప్పదన్న సంగతి మాత్రము జబ్బు ఖర్చును లెక్కించే ప్రతివాడును గుర్తుంచుకొనదగినది.

నదికి ఈవల కథ వేరు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందినది. 1889 నాటికి బొగ్గు తీయుట ఆరంభమైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. తరువాత పని కొత్తగూడెమునకు విస్తరించినది. గనిలోకి దిగవలసిన మనిషి జ్వరముతో పడుకుంటే నష్టము అతని ఇంటికే కాదు, కంపెనీకి కూడ. కనుక కంపెనీలు వైద్యశాలలు పెట్టుకొన్నవి. దీనిని దయ అనే మాటతో సరిపెట్టుట మాకు ఇష్టము లేదు. పని ఆగితే ఎవరికి నష్టమో వారు వైద్యపు ఖర్చు భరించుటకు ముందుకు వస్తారు, అది లెక్క. కార్మికుల పోరాటములు ఆ లెక్కకు జీతముతో కూడిన సెలవును, తక్కిన సౌకర్యములను చేర్చినవి. దేశములోని బొగ్గు గనులన్నింటికి 1947లో వచ్చిన సంక్షేమనిధి చట్టము తవ్విన బొగ్గుమీదనే సుంకము వేసి కార్మికుల వైద్యమునకు డబ్బు సమకూర్చినది.

ప్రపంచములో బీమా పుట్టినది కూడ ఈ లెక్కతోనే. 1883లో జర్మనీలో బిస్మార్కు ప్రభుత్వము చేసిన అనారోగ్య బీమా చట్టము మొదటి పెద్ద ప్రయత్నము. చందాలో రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని కట్టేవారు. వైద్యమును మందులను ఇచ్చుటయే గాక, మంచమెక్కిన మూడవ రోజునుండి పదమూడు వారముల వరకు సగము కూలి ఇచ్చేవారు. ఇక్కడ మన శ్రోతలు ఒక్క క్షణము ఆగవలెను. మొదటి బీమా చట్టము ఆసుపత్రి బిల్లుతోపాటు ఆగిపోయిన కూలిని కూడ నష్టముగా గుర్తించినది. అప్పటి వైద్యము నేటివలె ఖరీదైనది కాదు; కూలి పోవుటయే పెద్ద నష్టము. ఆనాటి శాసనకర్తలు కార్మికుని ఇంటి లెక్కను కార్మికుని కళ్ళతోనే చూసినారు.

మన దేశములో ప్రొఫెసర్ అదార్కర్ 1944లో కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక ఇచ్చినారు. దాని ఆధారముగా 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను, ఢిల్లీలోను అమలు మొదలైనది. మనము ఇ.ఎస్.ఐ. అని పిలిచేది దీనినే. ఈ పథకము క్రింద జబ్బుపడిన కార్మికునికి వైద్యముతోపాటు కూలిలో నూటికి 70 వంతుల చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు డబ్బు ఇస్తారు. 2019 జూలై నుండి చందా జీతములో యజమాని వాటా 3.25 శాతము, కార్మికుని వాటా 0.75 శాతము. వైద్యపు ఖర్చుకు ఇంత అని గరిష్ఠ పరిమితి లేదు. అయితే గనుల చట్టము క్రిందికి వచ్చే గనులను 1948 చట్టము ఫ్యాక్టరీ అనే నిర్వచనము నుండి తప్పించినది. సింగరేణి గని కార్మికునికి కంపెనీ ఆసుపత్రి ఉన్నది కనుక దానివల్ల అతనికి కలిగిన లోటు తక్కువ. అసలు లోటు అడవిలో ఉన్నది. తునికాకు కోసే ఆమెకు యజమాని ఎవరు? ఏప్రిల్, మే నెలలలో కొద్ది వారములు ఆకు కోస్తుంది; జనవరి నుండి ఖమ్మం వైపు మిరప కోతకు పోతుంది; వానకాలములో తన పోడులో తానే పని చేసుకొంటుంది. ఇంతమందికి పని చేసే మనిషికి చందా కట్టే యజమాని ఒక్కడూ లేడు. అదార్కర్ పథకము ఆమె గుమ్మముదాకా రాలేదు.

డబ్బు లేని కారణముచేత ఎవ్వరికిని వైద్యము తప్పిపోరాదని 1946లో భోర్ కమిటీ చెప్పినది. ఆ సూత్రము మీదనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వ్యవస్థ నిలిచినది. ఉచితమని ప్రకటించినంత మాత్రాన చేతి డబ్బు సమస్య ముగిసిపోదని ఇంగ్లాండు అనుభవము కూడ చెబుతుంది. 1948లో అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలైనది. మూడేళ్ళు తిరగకముందే కళ్ళజోళ్ళకు, కట్టుడు పళ్ళకు రోగులవద్ద డబ్బు తీసుకొనవలెనని ప్రభుత్వము నిశ్చయించగా, ఆ సేవను నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవాన్ 1951లో రాజీనామా చేసినారు. మరుసటి ఏడు మందుల చీటీకి ఒక షిల్లింగు రుసుము వచ్చినది.

రోగి కొంత భరించవలెనని బీమా సంస్థలు ఎందుకు పట్టుపడతాయి? అంతా ఉచితమైతే అవసరము లేనివారు కూడ వైద్యుని వద్దకు వస్తారని వారి భయము. అమెరికాలో రాండ్ అనే సంస్థ 1970వ దశకములో మొదలుపెట్టి 1982 వరకు ఒక పెద్ద ప్రయోగము చేసినది. కొన్ని కుటుంబములకు వైద్యము పూర్తిగా ఉచితము. కొన్నింటికి, ఏడాదికి ఒక పరిమితి దాటేవరకు, నూటికి 95 వంతులు చేతి డబ్బే. రెండవ తరగతివారి వైద్యపు ఖర్చు మొదటివారికంటె నూటికి సుమారు 30 వంతులు తగ్గినది. కాని తగ్గినది అనవసర వైద్యము ఒక్కటే కాదు. అవసరమైన వైద్యము కూడ అంతే తగ్గినది. బీదలైన రోగులకు, ముఖ్యముగా రక్తపుపోటు ఉన్నవారికి, దానివల్ల హాని కలిగినది. ఏది అవసరమో, ఏది కాదో రోగికి ముందుగా తెలియదు గదా!

పట్టణములలో ప్రైవేటు బీమా కొనుక్కొనేవారికి ఈ భాగస్వామ్యము షరతుల రూపములో వస్తుంది. ప్రీమియము కట్టినంతనే సరిపోదు. డిడక్టిబుల్ అంటే ఇంత మొత్తము వరకు మొదట రోగియే పెట్టుకొనవలెనని. కోపేమెంటు అంటే ఆపైన ప్రతి బిల్లులో నూటికి ఇంత అతని వాటా అని. అన్నింటికంటె కనబడకుండా దెబ్బతీసేది గది అద్దె పరిమితి. ఒక లెక్క వేసి చూద్దాము. ఐదు లక్షల బీమా. గది అద్దెకు రోజుకు 5,000 పరిమితి. కోపేమెంటు 10 శాతము. రోగి 10,000 రూపాయల గది తీసుకొన్నాడు. బిల్లు మూడు లక్షలు. అందులో మందులు, పరీక్షలు లక్ష. గది, వైద్యుల రుసుము మొదలైనవి రెండు లక్షలు. రోగి అదనపు అద్దె మాత్రమే తనమీద పడుతుందని అనుకొంటాడు. కాని గదినిబట్టి మారే రుసుములన్నియు అదే నిష్పత్తిలో తగ్గిపోతాయి. రెండు లక్షలకు లక్షయే లెక్కకు వస్తుంది. మందులను, పరీక్షలను ఇట్లు తగ్గించకూడదని బీమా నియంత్రణ సంస్థ నిబంధన కనుక ఆ లక్ష నిలుస్తుంది. మొత్తము రెండు లక్షలలో 10 శాతము, అనగా 20,000, మరల రోగిది. మూడు లక్షల బిల్లుకు, ఐదు లక్షల బీమా ఉండగా, చేతి డబ్బు 1,20,000. పాలసీ పుస్తకములో ఈ సంగతి ఉంటుంది. కాని దానిని తీరికగా చదివేది ఎవరు? ముందునుండి ఉన్న జబ్బులకు కొంతకాలము వేచి ఉండవలెననే షరతు కూడ చూసుకొనవలసినదే. ఆ గడువు 36 నెలలు మించరాదని 2024 ఏప్రిల్ నుండి నియమము.

ఇక అడవివైపు మరలుదాము. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ 2008 జూలై నాటికి రాష్ట్రమంతటికి, అనగా ఖమ్మం జిల్లాకు కూడ వచ్చినది. తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరి యాభై వేలు. ప్రీమియము ప్రభుత్వమే కట్టినది. డిడక్టిబుల్ లేదు, కోపేమెంటు లేదు, గది షరతు లేదు. రోగి భోజనము, తిరుగు ప్రయాణపు ఖర్చు కూడ ప్యాకేజీలోనే. గుండె ఆపరేషను మాట విని ఆశ వదలుకొనే బీద ఇంటికి ఇది ఎంత పెద్ద మేలో, దానిని తక్కువచేసి మాట్లాడేవారు ఆ ఇంటివారిని అడిగి తెలిసికొనవలెను. అంతకు ముందు 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనము కూడ ఆ మేలులో భాగమే.

అయితే ఆరోగ్యశ్రీ ప్రధానముగా ఆసుపత్రిలో చేరి పొందే పెద్ద చికిత్సలకు ఏర్పడినది. చేరకుండా చూపించుకొని వచ్చే జబ్బులు, బయట కొనే మందులు చాలవరకు దాని వెలుపలనే ఉండిపోయినవి. చర్ల, దుమ్ముగూడెం వైపు వాగు దాటి ఉన్న గూడెమునుండి రోగి బయలుదేరినాడనుకొందాము. వాన కాలము, వాగు పొంగినది. 108 వాహనము రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. అక్కడిదాకా డోలీ కట్టి నలుగురు మోయవలెను. ఆ నలుగురి రోజుకూలి పోతుంది. భద్రాచలంలో చూసి ఖమ్మం పొమ్మంటే సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాదంటే 300 పైచిలుకు. రోగికి భోజనము ఉన్నది. వెంట వచ్చినవారికి లేదు. పది రోజులు ఉండవలసి వస్తే, రోజుకూలి 300 చొప్పున రోగికి, తోడువచ్చిన భార్యకు కలిపి 6,000 పోయినట్లే. ఇది మిరప కోతల నాటి మాటయైతే ఆ ఇంటి ఏటి సంపాదనలో అది చిన్న భాగము కాదు. బిల్లుమీద సున్న ఉన్నది. ఇంట్లో అప్పు ఉన్నది. బీమా సంస్థ పట్టణములో డిడక్టిబుల్ అని పేరుపెట్టి వ్రాసుకొన్న షరతును అడవిలో వాగు, దారి, పోయిన కూలి కలిసి ఎవరూ వ్రాయకుండానే విధిస్తున్నవి. రాండ్ ప్రయోగములో తేలినట్లే అవసరమైన వైద్యమును కూడ అవి ఆపుతున్నవి.

ఈ సంగతి ప్రభుత్వములకు తెలియదనలేము. 2008లో కేంద్రము మొదలుపెట్టిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కుటుంబమునకు ఇచ్చినది 30,000 రూపాయల బీమాయే. కాని ఆసుపత్రిలో చేరిన ప్రతిసారి దారి ఖర్చుకు 100 రూపాయలు, ఏడాదికి వెయ్యి వరకు, అందులో ఉండేవి. నూరు రూపాయలు చిన్న మొత్తమే అయినను బస్సు ఛార్జీ బీమా విషయమేనని ఒప్పుకొన్నారు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లికి, పోయిన కూలికి బదులుగా 12,000, ఆడపిల్ల పుడితే 13,000 ఇచ్చే పథకము తెచ్చినది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ క్రింద చికిత్స పొందినవారికి కోలుకొనే కాలములో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా, ఇచ్చుట మొదలైనది. జర్మనీవారు 1883లో పట్టుకొన్న సంగతినే ఇవి మరల పట్టుకొన్నవని మేము భావిస్తున్నాము.

పత్రికలలో ఎక్కువగా వినబడినది మాత్రము గరిష్ఠ పరిమితి మాటయే. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచినది. అదే నెల 18న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తమ పథకములో దానిని 25 లక్షలకు పెంచినది. భద్రాచలం పట్టణమునకు ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోనిది. కనుక కూతవేటు దూరములో ఉన్న ఇరుగుపొరుగులకు రెండు కార్డులు, రెండు పరిమితులు. పది లక్షలు దాటే జబ్బు ఏ కొద్దిమందికో వస్తుంది. డోలీ మోసేవారి కూలి ఏ పరిమితిలోను లేదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని సల్వాజుడుం హింసకు భయపడి ఈ అడవులకు వచ్చి స్థిరపడిన గుత్తికోయలలో అనేకులకు చాలాకాలము రేషను కార్డే లేదు. కార్డు లేనివానికి రెండు లక్షలైనా పాతిక లక్షలైనా ఒక్కటే.

దేశము మొత్తము మీద చూస్తే లెక్కలు ఆశాజనకముగా ఉన్నవి. ఆరోగ్యముపై దేశములో అయ్యే మొత్తము ఖర్చులో ప్రజలు నేరుగా చేతినుండి పెట్టుకొనేది 2004-05లో 69.4 శాతము ఉండగా, 2013-14కు 64.2, 2021-22కు 39.4 శాతమునకు దిగినదని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నవి. ఇది మంచి మార్పు. ఆగిపోయిన కూలి మాత్రము ఆ లెక్కలోకి రాదు.

1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టము స్థానములో సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. 2020లో చేసిన ఆ స్మృతి 45వ సెక్షనులో అసంఘటిత కార్మికులకు కూడ ఇ.ఎస్.ఐ. ప్రయోజనములు కలిగించే పథకమును కేంద్ర ప్రభుత్వము చేయవచ్చునని ఉన్నది. చేయవచ్చును అనియే గాని, చేయవలెను అని కాదు. చేస్తే చందా ఎవరు కట్టవలెననే పాత ప్రశ్న మరల వస్తుంది. ఈ సీమలో దానికి జవాబు వెదకుట మరీ కష్టము కాదు. తునికాకు కల్లములో 50 ఆకుల కట్టకు ఇంత అని లెక్క. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఎవరు ఎన్ని కట్టలు తెచ్చినారో వ్రాసుకొంటారు. ఆకు అమ్మకముపై మిగిలిన ఆదాయమును బోనసుగా అటవీశాఖ ఆ లెక్క ప్రకారమే కోసినవారికి పంచుతుంది. బొగ్గుమీద సుంకము వేసి గని కార్మికుని వైద్యము నడిపిన పద్ధతి 1947 నాటిది. ఆకుమీద అటువంటి చందాకు కావలసిన పద్దులు కల్లములలో ఇప్పటికే ఉన్నవి.